మెరిసే కారుకు అయస్కాంత పరీక్ష

కిందటి చలికాలంలో ఒక శనివారం రాత్రి నాకు ఇంగ్లండు నుంచి ఫోను వచ్చింది. పదిహేనేళ్ళ క్రితం నా దగ్గర పదో తరగతి చదివి, ఇప్పుడు బర్మింగ్‌హాంలో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు. "మాస్టారూ, పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొంటున్నాను. ఎర్రగా, అద్దంలా మెరుస్తోంది. రేపు డబ్బు కట్టేస్తాను" అన్నాడు. రెండేళ్ళు కూడబెట్టిన డబ్బు అది.

"అయస్కాంతం పట్టుకెళ్ళావా?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు.

కారు కొనడానికి అయస్కాంతం ఎందుకని మీకూ అనిపించవచ్చు. ముందు ఆ కారు సంగతి వినండి. దాని పేరు ఎమ్.జి.బి. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్ అనే ఊళ్ళో తయారైంది. అయిదు లక్షలకు పైగా తయారు చేశారు. ఎక్కువ వాటికి ఇనుప కప్పు ఉండదు, గుడ్డ కప్పు మడిచేసి గాలిలో పోవచ్చు. అన్నిటికన్నా ఆఖరుగా వచ్చిన కారుకు కూడా ఇప్పుడు నలభై ఏళ్ళు దాటాయి.

ఈ కారుకూ మనకూ ఒక చుట్టరికం ఉంది. మన రోడ్ల మీద దశాబ్దాలపాటు తిరిగిన అంబాసిడర్ కారు మీకు తెలుసు కదా. 2014లో దాని తయారీ ఆగిపోయింది. అందులో చాలాకాలం వాడిన 1489 ఘనసెంటీమీటర్ల ఇంజనూ, ఎమ్.జి.బి. వారి 1798 ఘనసెంటీమీటర్ల ఇంజనూ ఒకే కుటుంబంలోవి. రెండింటిలోనూ పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 88.9 మిల్లీమీటర్లే. సిలిండరు వ్యాసం మాత్రం అంబాసిడర్‌కు సుమారు 73 మి.మీ., ఎమ్.జి.బి.కి 80.26 మి.మీ. స్తూపం ఘనపరిమాణం సూత్రం మీకు వచ్చు. నాలుగు సిలిండర్లకు లెక్క కట్టి చూడండి, ఒకటి రెండు ఘనసెంటీమీటర్ల తేడాతో పై అంకెలే వస్తాయి. ఎత్తు మార్చకుండా వ్యాసం ఏడు మిల్లీమీటర్లు పెంచితే పరిమాణం అయిదో వంతు పెరిగిందన్నమాట. వ్యాసార్ధం వర్గం చేసే పని అది.

అయితే పాత కారు దగ్గరికి వెళ్ళిన వాళ్ళందరూ మొదట బానెట్ ఎత్తి ఇంజను చూస్తారు. నా ఉద్దేశంలో అది తప్పు. ఇంజను పాడైతే విప్పి బాగు చేయవచ్చు, మరొకటి తెచ్చి పెట్టవచ్చు. ఈ కారులో ముందు చూడవలసింది ఒళ్ళు.

ఒళ్ళే ఎముక

మన లారీని చూడండి. కింద ఛాసిస్ అనే బరువైన ఉక్కు చట్రం ఉంటుంది, పైన తొట్టి, క్యాబిన్ బిగిస్తారు. తొట్టి తుప్పు పట్టినా లారీ నడుస్తుంది. ఎమ్.జి.బి.కి ముందు వచ్చిన ఎమ్.జి.ఏ. అనే కారు కూడా అలాంటిదే. ఎమ్.జి.బి.లో ఆ చట్రం తీసేశారు. రేకులను పెట్టెలుగా మలిచి, ఒకదానికొకటి వెల్డింగ్ చేసి, ఆ ఒళ్ళే బరువు మోసేలా చేశారు. కోడిగుడ్డుకు లోపల ఎముక ఉండదు, పెంకే దాని బలం. ఇదీ అంతే.

మామూలు కారులో ఈ బరువును నేలా, పై కప్పూ పంచుకుంటాయి. కప్పు లేని కారులో ఎవరు మోయాలి? రెండు తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవుగా ఒక్కో ఇనుప పెట్టె ఉంటుంది. దాన్ని సిల్ అంటారు. కారు ఎక్కేటప్పుడు మనం దాటే గడప అదే. భారమంతా చాలావరకు ఈ రెండు సిల్‌ల మీదే. ఇవి పుచ్చిపోయిన కారు నడుం విరిగిన మనిషిలాంటిది. నున్నటి రోడ్డు మీద నడుస్తుంది, మరో బండి గుద్దితే మాత్రం మడుచుకుపోతుంది. లోపల కూర్చున్న వాడి ప్రాణం సంగతి చెప్పనవసరం లేదు.

ఇక ఇంగ్లండులో చలికాలం వస్తే రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా రాతి ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, అందుకని. ఆ ఉప్పునీరు చక్రాలు చిమ్మితే సిల్‌ల సందుల్లోకి చేరుతుంది. ఇనుముకు తుప్పు పట్టాలంటే ఆక్సిజనూ నీరూ రెండూ కావాలని మేకుల ప్రయోగంలో చదివారు. ఉప్పు ఏం చేస్తుంది? నీటిని మంచి విద్యుద్విశ్లేష్యంగా మారుస్తుంది. రేకు మీద ఒకచోటికీ మరోచోటికీ మధ్య చిన్న చిన్న విద్యుత్ ఘటాలు ఏర్పడి, ఇనుము త్వరగా కరిగిపోతుంది. కాకినాడలోనో విశాఖలోనో సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళ కిటికీ ఊచలను అడిగితే ఈ పాఠం ఇంకా బాగా చెబుతాయి. పైగా తుప్పు, తాను పుట్టిన ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద పొక్కులు లేస్తాయి. పొక్కు కనిపించిందంటే తుప్పు లోపల బయలుదేరి బయటికి వచ్చిందని అర్థం.

పొక్కులు గీకి, చిల్లుల్లో లప్పం నింపి, సాన పట్టి, రంగు కొడితే? అద్దంలా మెరుస్తుంది. ఈ విద్య ఇంగ్లండు వాళ్ళ సొత్తేమీ కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత స్కూటరు ఒకటి కొన్నాను. కొత్త ఆకుపచ్చ రంగు చూసి బేరం కూడా ఆడలేదు. నెల తిరక్కుండా ఒక వానరోజున కాళ్ళు పెట్టుకునే చోట రేకు ఊడి, నా కుడికాలు చెప్పుతో సహా రోడ్డు మీదికి దిగింది. బడి పిల్లలు చూశారు కూడా. ఫోనులో నేను ముందు అయస్కాంతం మాట ఎత్తడానికి కారణం అదే.

అయస్కాంతం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కంపెనీ వేసిన రంగు పొర మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు. దాని మీదుగా అయస్కాంతం రేకును గట్టిగానే పట్టుకుంటుంది. మధ్యలో మూడు నాలుగు మిల్లీమీటర్ల లప్పం ఉంటే ఆ పట్టు చాలావరకు పోతుంది. దూరం పెరిగేకొద్దీ అయస్కాంత బలం వేగంగా తగ్గుతుంది కదా. అట్టముక్కలు ఒకటొకటిగా పెంచుతూ మీ ఇంటి బీరువా మీద ప్రయత్నించి చూడండి. ఎన్నో అట్టకు అయస్కాంతం జారిందో రాసుకోండి. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టడం మరవకండి, గీతలు పడితే ఇంట్లో చీవాట్లు తప్పవు.

మర్నాడు మావాడు కారు దగ్గర నిలబడి ఫోను చేశాడు. గొంతులో కంగారు. "మాస్టారూ, బానెట్ మీద ఎక్కడా అంటుకోవడం లేదు. మొత్తం లప్పమేనా?"

"వేలితో తట్టి చూడు. ఎలా మోగుతోంది?"

"రేకులాగే మోగుతోంది."

"కారు ఏ సంవత్సరానిది?"

"1966."

ఆ తొలి సంవత్సరాల కార్లకు బానెట్ అల్యూమినియంతో చేసేవారు. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు. ఒక్క పరీక్షను నమ్ముకుని తీర్పు చెబితే ఇలాగే అవుతుంది. మిగతా చోట్ల చూడమన్నాను. వెనక చక్రాల పైనా, ముందు రెక్కల కింది భాగంలోనూ అంటుకుంది. సిల్‌ల పొడవునా గట్టిగా అంటుకుంది. వాడి ఆనందం చెప్పనలవి కాదు. నాకు మాత్రం పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఎందుకంటే సిల్ ఒక్క రేకు కాదు. పైకి కనిపించే రేకు వెనక మరికొన్ని పొరలున్నాయి. పుచ్చిన పొరలను అలాగే వదిలేసి, పైన కొత్త రేకు వెల్డింగ్ చేసినా అయస్కాంతం హాయిగా అంటుకుంటుంది. అది ఇనుము ఉందని చెబుతుంది గాని, ఆ ఇనుము బరువు మోస్తోందని చెప్పదు.

దానికి మరో పరీక్ష ఉంది. పొడవైన స్కేలును రెండు పుస్తకాల మీద ఆనించి మధ్యలో నొక్కండి. స్కేలు వంగినప్పుడు పై అంచు కుదించుకుంటుంది, కింది అంచు సాగుతుంది. కారు కూడా ముందు చక్రాల మీదా వెనక చక్రాల మీదా ఆనిన స్కేలే. నడుం వంగితే తలుపు పక్కనున్న సందు పైన ఇరుకై, కింద వెడల్పవుతుంది. మావాడు స్కేలు పెట్టి కొలిచాడు. తలుపు వెనక అంచు దగ్గర పైన 3 మి.మీ., కింద 6 మి.మీ. తర్వాత కారు యజమాని చేతనే సిల్ మధ్యలో జాకీ పెట్టించి ఎత్తించాడు. గట్టి కారైతే సందు మారకూడదు. ఇక్కడ పైన ఉన్న 3 కాస్తా 5 అయింది. కారు మధ్యలో కీలు ఉన్నట్టు కదులుతోందన్నమాట. తలుపు సరిగా పడలేదు కూడా. (జాకీ మీద ఉన్న కారు కిందికి ఎవరూ ఎన్నడూ దూరకూడదు. ఈ పరీక్ష పెద్దవాళ్ళు, సమతలం మీద, మిగతా చక్రాలకు అడ్డం పెట్టి చేయవలసింది.)

ఎర్ర కారు అక్కడే ఉండిపోయింది.

రెండో కారు

ఆరు వారాల తర్వాత మరొకటి దొరికింది. 1972 నాటిది. నీలం రంగు ఎండకు వెలిసి తెల్లబారింది. సీట్లు చిరిగాయి. తలుపుల సందులు పైనా కిందా ఒకటే, జాకీ ఎత్తినా అంతే. ఇప్పుడు బానెట్ ఎత్తవచ్చునన్నాను.

మొదట చేత్తో ఇంజనును తాకాలి. మనం వచ్చేసరికే వెచ్చగా ఉంటే, చల్లని ఇంజను స్టార్టు చేస్తే బయటపడేదేదో దాచారని అనుమానించాలి. అది చల్లగానే ఉంది. స్టార్టు చేశాక సైలెన్సర్ పొగ చూడాలి. నీలి పొగైతే ఆయిల్ మండుతోంది. నల్లదైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఇంజను వేడెక్కినా తెల్లటి ఆవిరి ఆగకపోతే రేడియేటర్ నీళ్ళు సిలిండరులోకి వస్తున్నాయి. చలిదేశంలో మొదటి రెండు నిమిషాల తెల్ల ఆవిరికి భయపడనక్కరలేదు, మన నోటి నుంచి కూడా వస్తుంది.

ఆయిల్ పీడనం మాత్రం ఇంజను బాగా వేడెక్కాకే చూడాలి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, దాని స్నిగ్ధత ఎక్కువ. అరిగిన బేరింగుల సందుల్లోంచి కూడా అది త్వరగా జారిపోదు కాబట్టి మీటరులో పీడనం ఘనంగా కనిపిస్తుంది. వేడెక్కి పల్చబడ్డాక నిజం తెలుస్తుంది. పరుగు మీద ఈ ఇంజనుకు చదరపు అంగుళానికి 50 పౌన్లు, ఆపైన ఉండాలి. టైర్లలో గాలి కొట్టేవాళ్ళు చెప్పే పౌన్లే ఇవి. ఇక్కడ 55 ఉంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది సంపీడన పరీక్ష. ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కొక్క రంధ్రానికి మీటరు బిగించి, స్టార్టరుతో ఇంజనును తిప్పుతారు. ఎమ్.జి.బి.లో గాలి సుమారు 8.8 రెట్లు కుదించుకుంటుంది. వాతావరణ పీడనం 14.7 పౌన్లు. బాయిల్ నియమం ప్రకారం గుణిస్తే 129, మీటరు వాతావరణ పీడనాన్ని లెక్కించదు కనుక అది తీసేస్తే 115 దాకా రావాలి. మంచి ఇంజనులో 150 దాటుతుంది. బాయిల్ తప్పు చెప్పాడా? లేదు. ఆయన నియమం ఉష్ణోగ్రత మారనప్పుడే వర్తిస్తుంది. సైకిలు పంపు గబగబా కొడితే అడుగుభాగం వేడెక్కడం మీరు ఎరుగుదురు. సిలిండరులోనూ గాలి వేడెక్కుతుంది, ఆ వేడి పీడనాన్ని ఇంకా పెంచుతుంది.

మావాడు వెంట తీసుకెళ్ళిన మెకానిక్ చూసిన అంకెలు ఇవి: 155, 150, 155, 105. నాలుగో సిలిండరులో గాలి కారుతోంది. ఎక్కణ్ణుంచి? పిస్టన్ రింగుల పక్క నుంచి కావచ్చు, సరిగా మూసుకోని వాల్వు నుంచి కావచ్చు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి, ఇక్కడ ఒక్కటే. ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ తిప్పారు. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందులు మూస్తుంది, పైనున్న వాల్వులకు అందదు. తప్పు రింగులదైతే అంకె బాగా పెరగాలి. 105 కాస్తా 108 అయింది, అంతే. అంటే వాల్వు. ఇంజను మొత్తం దించనక్కరలేదు, పై మూత విప్పి వాల్వు బాగు చేస్తే చాలు. ఆ ఖర్చు లెక్క కట్టి ధరలోంచి తగ్గించమని అడిగాడు. అమ్మేవాడు అంకెలు చూసి ఒప్పుకున్నాడు.

చివరగా చక్రాలు. సైకిలు చక్రంలాగా స్పోకులున్న చక్రాలవి. స్పోకు బరువును లాగి మోస్తుంది, తోసి కాదు. అందుకే అది వీణ తీగలా బిగిసి ఉండాలి. తన్యత తగ్గితే పౌనఃపున్యం తగ్గుతుంది. పెన్సిలుతో ఒక్కొక్క స్పోకునూ తట్టుకుంటూ పోతే, వదులైనది డబ్బుమని తానే పట్టిస్తుంది. ఫోనును చక్రం దగ్గర పెట్టి తట్టమన్నాను. ముందు ఎడమ చక్రంలో రెండు, వెనక కుడి చక్రంలో ఒకటి ఇద్దరికీ ఒకేసారి వినిపించాయి. మీ సైకిలుకు ఇవాళ సాయంత్రమే చూడండి.

కారు కొన్నాడు. వాల్వు బాగు చేయించాడు, స్పోకులు బిగింపించాడు. ఇప్పుడు నాలుగో సిలిండరులో 150 వస్తోందట. రంగు మాత్రం ఇంకా వేయించలేదు.