పక్క రంగు చేసే మాయ

ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు చిన్న చదరపు ముక్కలు కత్తిరించండి. ఒకదాన్ని నల్ల కాగితం మధ్యలో, రెండోదాన్ని తెల్ల కాగితం మధ్యలో అతికించండి. నలుపు మీద ఉన్న ముక్క లేతగా, తెలుపు మీద ఉన్నది ముదురుగా కనిపిస్తాయి.

ఎందుకిలా? మన కన్ను, మెదడు ఏ రంగునూ విడిగా చూడవు. పక్కనున్న రంగుతో పోల్చి చూస్తాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే దీనిపై పుస్తకం ప్రచురించారు.

జర్మనీలో పుట్టి 1933లో అమెరికా వెళ్ళిన చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ (1888-1976) దీన్నే తన కళగా చేసుకున్నారు. 1950 నుంచి చనిపోయేవరకు చదరంలో చదరం ఉండే చిత్రాలు వెయ్యికి పైగా వేశారు. చదరాల అమరిక దాదాపు ఒకటే, రంగులే వేరు. అయినా కొన్నింటిలో మధ్య చదరం ముందుకు వచ్చినట్లు, కొన్నింటిలో లోపలికి వెళ్ళినట్లు కనిపిస్తుంది. నిజానికి చిత్రం చదునుగానే ఉంటుంది!

మీకు నమ్మకం కుదరకపోతే ఒక అట్టకు రెండు రంధ్రాలు చేసి, మీ బూడిదరంగు ముక్కలు మాత్రమే కనిపించేలా కప్పి చూడండి. రెండూ ఒక్కటే! కన్ను చెప్పింది నమ్మేముందు పక్కన ఏముందో చూడాలి. ఆల్బర్స్ చదరాలు మనకు నేర్పే పాఠం ఇదే.