మతస్వేచ్ఛ ఎందుకు? పొరుగువానికి తలుపు మూయడానికా?



గత మాసం ఒక ఆదివారం రెండవ పూజ ముగిసిన పిదప మా విచారణలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు బంగళాకు వచ్చారు. ఆయన కుమార్తె, అల్లుడు అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్నారు.

"ఫాదరుగారూ, మా అమ్మాయి ఫోనులో ఒక విషయం చెప్పింది. 2015లో ఆ రాష్ట్రంవారు మతస్వేచ్ఛను కాపాడటానికి చట్టం చేస్తే జనమే వీధుల్లోకి వచ్చి వద్దన్నారట. వద్దన్నవారిలో క్రైస్తవులు కూడా ఉన్నారట. మతస్వేచ్ఛ కోసం మనం ఇక్కడ ప్రార్థిస్తుంటే, క్రైస్తవులు అంతమంది ఉన్న దేశంలో దానిని కాదనడమేమిటి?" అని అడిగారు.

మాస్టారి ప్రశ్న న్యాయమైనదే. ఈ వారం పాఠంగా దానినే తీసుకుందాం.

ముందుగా ఒక జాగ్రత్త. మన దేశంలో 1967లో ఒరిస్సా, 1968లో మధ్యప్రదేశ్ చేసిన చట్టాలకు కూడా మతస్వాతంత్ర్య చట్టాలనే పేరు. అవి మతమార్పిడిని అదుపు చేసే చట్టాలు. మనమిక్కడ చెప్పుకొనే అమెరికా చట్టాలు వేరు. పేర్లు ఒకలాగే ఉన్నా పని వేరు.

1. చట్టం పుట్టిన విధం

ఈ కథ మొదలైనది దుకాణంలో కాదు, ఆరాధనలో. ఆరెగాన్ రాష్ట్రంలో ఇద్దరు వ్యక్తులు అమెరికా ఆదివాసుల చర్చి ఆరాధనలో పాల్గొని, ఆ ఆచారం ప్రకారం పెయోటీ అనే జెముడు జాతి మొక్కను సేవించారు. అది మత్తుపదార్థమని వారి ఉద్యోగాలు తీసివేశారు. నిరుద్యోగ భృతి కూడా ఇవ్వలేదు. అందరికీ ఒకే విధంగా వర్తించే చట్టం నుండి మతం పేరుతో మినహాయింపు కోరే హక్కు లేదని 1990లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ తీర్పు చూసి అనేక మతాలవారు, పౌరహక్కుల సంఘాలవారు ఆందోళన చెందారు. అందరూ ఒక్కటై కోరగా 1993లో మతస్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం వచ్చింది. సెనేటులో 97 మంది అవునన్నారు, ముగ్గురే కాదన్నారు. ఆ చట్టం సారాంశమిది: ప్రభుత్వం ఒకరి మతాచరణపై పెద్ద భారం మోపదలిస్తే అందుకు చాలా బలమైన కారణం చూపాలి. అంతకన్నా తేలికైన మార్గం లేదని కూడా రుజువు చేయాలి.

తరువాతి ఘట్టం మన కతోలిక దేవాలయానిదే. టెక్సాస్ రాష్ట్రంలోని బర్నీ పట్టణంలో పునీత పేతురుగారి దేవాలయం ఉంది. అందులో సుమారు 230 మందికే చోటు. కొన్ని ఆదివార పూజలకు 40 నుండి 60 మందికి స్థలం చాలేది కాదు. దేవాలయాన్ని పెద్దది చేయాలని శాన్ ఆంటోనియో అగ్రపీఠాధిపతులు పాట్రిక్ ఫ్లోరెస్ గారు కోరగా, పాత కట్టడాల రక్షణ నియమాల పేరుతో పట్టణ అధికారులు అనుమతి నిరాకరించారు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1993 నాటి చట్టం రాష్ట్ర ప్రభుత్వాలను, పట్టణాలను కట్టడి చేయజాలదని 1997లో కోర్టు తేల్చింది. అందువలన ఒక్కొక్క రాష్ట్రం తన సొంత మతస్వేచ్ఛ చట్టం చేసుకోసాగింది.

ఇంతవరకు ఈ చట్టం బలహీనుల చేతిలో డాలు. ఆదివాసుల ఆరాధనకు, చోటు చాలని గుడికి రక్షణ కోసం కోరినది. అప్పట్లో దీనిపై జనాగ్రహమన్న మాటే లేదు.

2. ఇండియానాలో జరిగినది

2014 అక్టోబరులో న్యాయస్థానాల తీర్పుల ఫలితంగా ఇండియానాలో స్వలింగ వివాహాలు చట్టబద్ధమయ్యాయి. కొద్ది నెలలకే, 2015 మార్చి 26న, గవర్నరు మైక్ పెన్స్ మతస్వేచ్ఛ చట్టంపై సంతకం చేశారు. ఆ చట్టంలో స్వలింగ ఆకర్షణ గలవారి ప్రస్తావన ఎక్కడా లేదు. మరి గొడవెందుకు?

రెండు కారణాలున్నాయి. ఒకటి, లాభాపేక్షతో నడిచే వ్యాపార సంస్థలు కూడా ఈ చట్టాన్ని ఆశ్రయించవచ్చునని అందులో వ్రాశారు. ప్రభుత్వం కక్షిదారు కాకపోయినా, ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల నడుమ దావాలో కూడా దీనిని అడ్డు పెట్టుకోవచ్చును. రెండు, స్వలింగ ఆకర్షణ గలవారిపై వివక్షను నిషేధించే మాట ఆ రాష్ట్రపు పౌరహక్కుల చట్టంలో లేదు. కొన్ని పట్టణాల నిబంధనలలో మాత్రమే ఉన్నది. ఈ రెండింటినీ కలిపి చూచినవారికి, ఎవరినైనా దుకాణం నుండి, అద్దె ఇంటి నుండి త్రోసివేయడానికి ఇది అనుమతి పత్రంలాగ కనిపించింది.

మార్చి 28న వేలాది ప్రజలు ఇండియానాపొలిస్ నగరంలో ఊరేగారు. మరునాడు టెలివిజనులో గవర్నరును, ఈ చట్టం వలన వ్యాపారులు స్వలింగ ఆకర్షణ గలవారికి సేవ నిరాకరించవచ్చునా, అవునో కాదో చెప్పమని అడిగారు. ఆయన సూటిగా జవాబు చెప్పలేకపోయారు. ఆ నగరంలోనే ప్రధాన కార్యాలయమున్న ఎలై లిల్లీ మందుల కంపెనీ అధిపతి, మరికొందరు కంపెనీల పెద్దలు చట్టాన్ని సవరించమని లేఖ వ్రాశారు. ఆ నగరపు దినపత్రిక మొదటి పుటనంతా ఈ విషయానికే కేటాయించి, వెంటనే సరిదిద్దమని కోరింది. అక్కడే కేంద్ర కార్యాలయమున్న డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ అనే ప్రొటెస్టెంటు సంఘం, 2017లో జరగవలసిన తమ మహాసభను వేరే నగరానికి తీసుకుపోతామన్నది. మాస్టారి అమ్మాయి చెప్పినది నిజమే. వద్దన్నవారిలో క్రైస్తవులూ ఉన్నారు.

వారం తిరగక మునుపే, ఏప్రిల్ 2న, సవరణ వచ్చింది. సేవలు, వస్తువులు, ఉద్యోగం, నివాసం నిరాకరించడానికి ఈ చట్టం అధికారమివ్వదని అందులో స్పష్టం చేశారు. చర్చిలకు, లాభాపేక్ష లేని మత సంస్థలకు, గురువులకు మాత్రం ఆ సవరణ వర్తించదు. ఇండియానాలోని అయిదుగురు కతోలిక పీఠాధిపతులు ఆ రోజులలోనే ఒక ప్రకటన చేశారు. స్వలింగ ఆకర్షణ కారణంగా గాని, తమ విశ్వాసం ప్రకారం జీవించినందుకు గాని ఎవరిపైనా వివక్ష జరుగరాదని, ఇరుపక్షాలూ పరస్పరం గౌరవించుకోవాలని వారు కోరారు.

ఇది ఒక్క రాష్ట్రపు ముచ్చట కాదు. 2014లో అరిజోనా గవర్నరు, 2016లో జార్జియా గవర్నరు ఇటువంటి బిల్లులను తిరస్కరించారు. 2016లో మిస్సిసిపీ మాత్రం అలాంటి చట్టం చేసింది. జార్జియా కూడా 2025లో మరో గవర్నరు కాలంలో మతస్వేచ్ఛ చట్టం తెచ్చుకున్నది. వివాదమింకా ముగియలేదు.

జనాగ్రహం కూడా ఒకచోట హద్దు మీరింది. ఇండియానాలోని ఒక చిన్న పట్టణంలో పిజ్జా దుకాణం నడిపే క్రైస్తవ కుటుంబం, తమ దుకాణానికి ఎవరు వచ్చినా పెడతామని, స్వలింగ వివాహపు విందుకు మాత్రం వండి పంపలేమని ఒక విలేఖరితో చెప్పారు. అటువంటి విందు వారినెవరూ అడగనే లేదు. ఆ మాట బయటికి రాగానే బెదిరింపులు వచ్చి, వారు కొద్దిరోజులు దుకాణం మూసుకోవలసి వచ్చింది. వివక్షను ఎదిరించే పేరుతో ఒక కుటుంబాన్ని భయపెట్టడం న్యాయం కాదు.

3. శ్రీసభ బోధించునది

1965 డిసెంబరు 7న రెండవ వాటికన్ మహాసభ మతస్వేచ్ఛను గూర్చిన ప్రకటనను వెలువరించింది. మతవిషయంలో ఎవరినీ తమ మనస్సాక్షికి విరుద్ధంగా బలవంతపెట్టరాదనునది దాని మూలసూత్రం. ఈ స్వేచ్ఛకు హద్దులున్నవని కూడా ఆ పత్రమే చెబుతుంది. దానిని వాడుకొనేటప్పుడు ఇతరుల హక్కులను, అందరి మేలును మరువరాదు. మన రాజ్యాంగం 25వ అధికరణం కూడా ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యానికి లోబడియే మతస్వేచ్ఛను ఇస్తున్నది.

వివాహం ఒక పురుషునికి, ఒక స్త్రీకి మధ్య జరిగేదని శ్రీసభ బోధ. స్వలింగ సంపర్కాన్ని అది నైతికంగా అంగీకరించదు. దీనిని దాచిపెట్టి మాట్లాడటం నిజాయితీ కాదు. అయితే 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం 2358వ పేరా అదే స్పష్టతతో మరొకటి చెబుతున్నది. స్వలింగ ఆకర్షణ గలవారిని గౌరవంతో, కనికరంతో, సున్నితంగా స్వీకరించాలి. వారిపట్ల అన్యాయమైన వివక్ష ఏ రూపంలోను చూపరాదు. మొదటి బోధను కంఠస్థం చేసి రెండవదానిని మరచిపోవడం మనలో చాలామందికి అలవాటైపోయింది.

2013లో మన సుప్రీంకోర్టు 377వ సెక్షనును నిలబెట్టినప్పుడు, శ్రీసభ స్వలింగ ఆకర్షణ గలవారిని నేరస్థులుగా చూడదని బొంబాయి కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్ గారు చెప్పారు. 2018లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెద్దలు పరస్పర సమ్మతితో ఏకాంతంలో చేసేది ఈ సెక్షను కింద నేరం కాదన్నది. 2023 జనవరిలో పరిశుద్ధ ఫ్రాన్సిస్ పాపుగారు కూడా ఇది నేరం కాదని, దీనిని నేరంగా ఎంచే చట్టాలు అన్యాయమని పలికారు.

4. మూడు విచక్షణలు

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజులలో మా గురువులు, చిక్కు ప్రశ్న వస్తే ముందు విభజించి చూడమనేవారు. అట్లే చూద్దాం.

మొదటిది, ఆరాధన వేరు, అంగడి వేరు. ఎవరి వివాహం జరిపించాలో నిర్ణయించే స్వేచ్ఛ గురువుకు ఉండాలి. దానిని ప్రభుత్వం తాకరాదు. బజారులో బోర్డు పెట్టి అందరినీ రమ్మన్న దుకాణం సంగతి అది కాదు.

రెండవది, పనిని కాదనడం వేరు, మనిషిని కాదనడం వేరు. ఒకానొక వేడుకలో పాలు పంచుకోలేనని చెప్పడంలో మనస్సాక్షి ఉండవచ్చును. నీవు ఇటువంటివాడివి గనుక నీకు అన్నం పెట్టను, ఇల్లు అద్దెకివ్వను అనడంలో మనస్సాక్షి లేదు. 2018లో కొలరాడో కేకుల వ్యాపారి కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చినా, దానికి ముఖ్య కారణం రాష్ట్ర అధికారులు ఆయన మతాన్ని కించపరచడమే. ఇటువంటి అభ్యంతరాలతో వ్యాపారులు జనానికి సమాన సేవను నిరాకరించడం సాధారణంగా చెల్లదని ఆ తీర్పులోనే ఉంది.

మూడవది అన్నిటికన్న ముఖ్యం. నా మనస్సాక్షి వెల ఎవరు చెల్లిస్తున్నారు? పునీత తోమాసు మోరు 1535లో తన మనస్సాక్షి కోసం తన తలనే ఇచ్చాడు, మరొకరి తలను అడుగలేదు. వేదసాక్షులందరిదీ అదే దారి. నా విశ్వాసానికి వెల నేను చెల్లిస్తే అది సాక్ష్యం. దాని వెల నా పొరుగువాడు చెల్లిస్తుంటే, మరొకసారి నా ఆత్మను పరిశోధించుకోవాలి.

ఇది మాస్టారికి చెప్పి, "మీ చిన్ననాటి టీ దుకాణం గుర్తుందా?" అని అడిగాను. ఆ సంగతి ఒకప్పుడు ఆయనే నాకు చెప్పారు. వారి తండ్రిగారితో టీ త్రాగడానికి వెళితే గ్లాసులు వేరుగా చూరులో పెట్టి ఉండేవి. పైనుండి పోసేవారు. త్రాగి కడిగి పెట్టి వెళ్ళాలి. ఎందుకని అడిగితే, "మా ఆచారం" అని జవాబు. ఆ దుకాణదారుడు కూడా తన ధర్మాన్నే పాటిస్తున్నాననుకున్నాడు. దాని వెల చెల్లించినది మాత్రం ఒక చిన్నపిల్లవాడు. అందుకే మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలలో, హోటళ్ళలో, బావుల వద్ద అటువంటి వివక్షను నిషేధించింది. అమెరికాలో కూడా ఒక హోటలు యజమాని నల్లజాతివారికి వడ్డించకపోవడం తన మతమని వాదించగా, 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టిపారవేసింది.

మాస్టారు, "మాకు ఆ గ్లాసు ఇంకా కళ్ళలో ఉంది ఫాదరుగారూ" అన్నారు. పిదప తమ బంధువుల ఇంట ఒక అబ్బాయి సంగతి చెప్పారు. మూడేళ్ళుగా ఆ అబ్బాయి క్రిస్మసుకు ఇంటికి రాలేదట. మిగిలిన వివరాలు ఇక్కడ వ్రాయను.

5. బావి వద్ద ప్రభువు

యోహాను సువిశేషం 4వ అధ్యాయం తీసి ఇంటిల్లిపాదీ చదవండి. యూదులు సమరీయుల పాత్రలను ముట్టేవారు కారు. ప్రభువు ఆ స్త్రీ కడవలోని నీటినే అడిగాడు. ఆమె వైవాహిక జీవితం గూర్చిన సత్యాన్ని దాచలేదు. సత్యం చెప్పినందున నీరు వద్దనలేదు, ముందు దాహమడిగి తరువాత సత్యం చెప్పాడు. ఈ వరుసను మనం తలక్రిందులు చేయరాదు.

తల్లిదండ్రులారా, మీ ఇంటిలోనో, మీ బంధువుల ఇంటిలోనో ఇటువంటి బిడ్డ ఉంటే వెళ్ళగొట్టకండి. పెండ్లి చేస్తే సరిపోతుందని బలవంతం చేయకండి. బలవంతం వలన, భయం వలన జరిగిన వివాహం చెల్లదని శ్రీసభ ధర్మశాస్త్రం 1103వ నియమం చెబుతున్నది. అటువంటి పెండ్లిలో మరొకరి బిడ్డ బ్రతుకు కూడా పాడవుతుంది. బిడ్డ చెప్పేది వినండి. మీ విచారణ గురువులతో మాట్లాడండి.

మన దేశంలో మనం కొద్దిమందిమి. మతస్వేచ్ఛ మనకు ఊపిరివంటిది. దానిని తలుపు గడియగా వాడితే, రేపు మనం డాలు కోసం చేయి చాచినపుడు లోకం మన మాట నమ్మదు. ఇండియానా నేర్పిన పాఠమిదే.

కుటుంబ ప్రార్థన వేళ చర్చించుకొనుటకు:

1. మన ఆచారం పేరుతో మన ఇంటి గడప వద్ద ఎవరినైనా నిలిపివేస్తున్నామా?

2. ఇతరులు మనలను దూరముంచినపుడు మనకు ఏమనిపించింది?

3. మనస్సాక్షి కోసం మనమే వెల చెల్లించిన సందర్భం ఒకటైనా ఉన్నదా?

ప్రార్థన: బావి వద్ద దాహమడిగిన ప్రభువా, సత్యాన్ని విడువని నాలుకను, ఎవరినీ త్రోసివేయని చేతులను మాకు దయచేయుము. మా ఇండ్లకు దూరమైన బిడ్డలను తిరిగి మా భోజనపు బల్ల వద్దకు చేర్చుము. ఆమెన్.