బండిలో ఏది అరిగింది?

కుక్కర్ రబ్బరు వదులైతే మనం ఏం చేస్తాం? కొత్త కుక్కర్ కొనం. పాత రబ్బరు చేత పట్టుకుని అంగడికి పోతాం. "ఇట్లాంటిదే ఇవ్వు" అంటాం. ఆటో రిపేరు కూడా ఇట్లాంటిదే. ఏది అరిగిందో తెలిస్తే దాన్నే మార్చుకుంటాం. తెలియకపోతే అరగనిది కూడా మారిపోతుంది. పోయేది మన డబ్బే.

కర్నూలు, కడప పల్లెల్లో ఆటో మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. బండి నడిపేది మగవాళ్లే కావచ్చు. దాని కోసం తెచ్చిన అప్పుకు పొదుపు సంఘంలో కంతు కట్టేది మాత్రం మనం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆడవాళ్లకు మేలే. కానీ ఆటో ఉన్న ఇంట్లో బాడుగ తగ్గింది. బాడుగ తగ్గితే ముందు వాయిదా పడేది రిపేరే.

కడప జిల్లాలో ఒక అక్క ఉంది. ఆమె భర్త రాయచోటి దారిలో ఆటో తిప్పుతాడు. రాయచోటి నుంచి కడపకు రావాలంటే గువ్వలచెరువు ఘాటు దిగాలి. ఒకరోజు రాత్రి అన్నం తింటూ అతను అన్నాడు.

"బ్రేకు కిందిదాకా పోతాంది. చక్రంలో కీచుమంటాంది. ఈ నెల పోనీ, వచ్చే నెల చూద్దాం."

"ఘాటు కూడా వచ్చే నెలే దిగుతావా?" అంది అక్క.

అతను మాట్లాడలేదు. కాసేపటికి, "చేతిలో లెక్క లేదు కదమ్మీ" అన్నాడు.

"పొద్దున్నే షెడ్డుకు పోదాం. నేనూ వస్తా" అంది అక్క.

బ్రేకు ఎట్లా పని చేస్తుందో చూద్దాం. ఆటో చక్రం లోపల గిన్నెలాంటి ఇనుప డ్రమ్ము ఉంటుంది. చక్రంతో పాటు అది తిరుగుతుంది. డ్రమ్ము లోపల వంపు తిరిగిన రెండు ముక్కలు ఉంటాయి. వాటిని బ్రేకు షూ అంటారు. షూ మీద గట్టి పొర ఉంటుంది. అది లైనరు. కాలితో తొక్కగానే బ్రేకు ఆయిలు షూలను డ్రమ్ముకు నొక్కుతుంది. ఆ రాపిడికి బండి ఆగుతుంది, లైనరు అరుగుతుంది. లైనరు అరగడం తప్పు కాదు. అరిగినాక మార్చకపోవడమే తప్పు. లైనరు పూర్తిగా పోతే ఇనుము ఇనుమును గీకుతుంది. అప్పుడు డ్రమ్ము కూడా చెడుతుంది. చిన్న ఖర్చు పెద్దదవుతుంది. అది కూడా బండి ఎక్కడా గుద్దుకోకుండా ఇల్లు చేరితేనే.

షెడ్డులో మెకానిక్ బండి చూశాడు.

"లైనర్లు, డ్రమ్ము, సిలిండరు, అన్నీ మార్చాలక్కా" అన్నాడు.

"విప్పి చూపించన్నా" అంది అక్క.

విప్పాడు. లైనరు కాగితంలా పలచబడింది. అక్క డ్రమ్ము లోపల వేలితో తడిమింది.

"ఇది నున్నగానే ఉండాదే? గీతలు లేవు."

"అవునక్కా. ఇంకొన్నాళ్లు వస్తాది."

"మరి సిలిండరు?"

"ఆయిలు చెమ్మ కనపడతాంది. లోపల రబ్బర్లు పోయినాయి. రబ్బర్లు మారిస్తే సాలు."

"అయితే డ్రమ్ము ఉంచు. రబ్బర్లు వెయ్యి. లైనర్లు రెండు పక్కలా మార్చు."

రెండు పక్కలా ఎందుకు? ఒక పక్కే మారిస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక వైపుకు లాగుతుంది. ఘాటులో అది ప్రమాదం. అందుకే లైనర్లు జతగా మార్చాలి.

మెకానిక్ మోసం చేశాడని కాదు. బండి మళ్లీ వెనక్కి రాకూడదని చాలామంది అన్నీ మార్చమంటారు. అడిగితే చూపిస్తారు. చూపించనివాడి దగ్గరికి రెండోసారి పోవద్దు. పని మొదలుపెట్టక ముందే కూలి ఎంతో అడగాలి. తీసేసిన పాత సామాను ఇంటికి తెచ్చుకోవాలి. అది మనదే.

తర్వాత ఇద్దరూ సామాన్ల కొట్టుకు పోయారు. కొట్టు ఆయన రెండు డబ్బాలు పెట్టాడు. ఒకటి బాగా తక్కువ ధర. అక్క రెండు డబ్బాలూ తిప్పి, అంకెలు, అక్షరాలు కూడబలుక్కుని చదివింది. తక్కువ ధర డబ్బా మీద తయారు చేసినవాళ్ల పేరు లేదు. నెల, సంవత్సరం లేవు. గరిష్ఠ ధర కూడా లేదు. అమ్మే డబ్బా మీద ఇవన్నీ ఉండాలని చట్టం. ఆమె రెండోది తీసుకుంది.

"పన్ను వేరే అవుతాదమ్మా" అన్నాడు కొట్టు ఆయన.

కాదు. డబ్బా మీద వేసిన గరిష్ఠ ధరలో పన్ను కలిసే ఉంటుంది. అంతకు మించి ఇవ్వక్కరలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి, 28 శాతం జీఎస్టీ ఉన్న విడిభాగాలకు 18 శాతమే అయింది. 100 రూపాయల సామానుకు అంతకు ముందు 128 అయ్యేది. ఇప్పుడు 118. బిల్లు తప్పకుండా తీసుకోవాలి. సామాను నాసిరకమైతే 1915కు ఫోన్ చేయవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సొమ్ముకు ఫిర్యాదు రుసుం లేదు. సొంతంగా నడుపుకుని బతికేవాళ్ల ఆటోకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

పాత సామాను కొనకూడదా? కొనవచ్చు. అద్దం, సీటు, తలుపు రేకు గుజిరీలో దొరికితే తెచ్చుకోండి. బ్రేకు, స్టీరింగు సామాన్లు మాత్రం పాతవి వద్దు.

మన దారుల్లో ఇంకొకటి చూసుకోవాలి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి దుమ్ము ఎక్కువ. ఇంజన్ పీల్చే గాలిని జల్లెడ పట్టేది ఎయిర్ ఫిల్టరు. అది దుమ్ముతో మూసుకుపోతే నల్లపొగ వస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అది చినిగితే దుమ్ము లోపలికి పోయి ఇంజన్ అరుగుతుంది. ఫిల్టరు ఖర్చు వందల్లో ఉంటుంది. ఇంజన్ పని వేలల్లో ఉంటుంది.

సర్కారు సాయం కూడా కొంత ఉంది. 2019లో వాహన మిత్ర కింద సొంత ఆటో నడిపేవాళ్లకు ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వడం మొదలైంది. 2025 అక్టోబరు 4న "ఆటో డ్రైవర్ల సేవలో" అనే పథకం కింద 15,000 వేశారు. ఆ 15,000 పడింది దసరా అయిన వెంటనే. పండగ బాకీలు పోను బండికి ఎంత మిగిలిందో ఆ ఇళ్ల ఆడవాళ్లకే తెలుసు!

మన అక్క ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టింది. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ సామాను మార్చారో రాస్తుంది. ధర ఒక పక్క, కూలి ఒక పక్క రాస్తుంది. బిల్లు అందులోనే అంటిస్తుంది. ఈసారి ఎవరైనా "లైనరు పోయింది" అంటే ఎన్నాళ్లకు పోయిందో చూసి చెప్పగలదు.

రాయండి: మీ ఇంటి ఆటోకు గాని, మోటారు సైకిలుకు గాని చివరిసారి ఏ సామాను మార్చారు? బిల్లు ఉందా? దాని మీద ఉన్న తేదీ, ధర చూసి మీ నోటుబుక్కులో రాసుకోండి.