తలలో గాలి – వెన్నెముక ఆపరేషన్ తర్వాత గమనించవలసినవి



మన పల్లెల్లో ఎవరైనా ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తారు. కానీ వెన్నెముకకు ఆపరేషన్ జరిగిన మనిషి అలా మాట్లాడితే, తలలో నిజంగానే గాలి చేరి ఉండవచ్చు. అది దయ్యం గాలి కాదు, మనం పీల్చే మామూలు గాలే. దీనిని వైద్యులు న్యూమోసెఫాలస్ అంటారు. ఇది అరుదైన సమస్యే. అయినా మనం తెలుసుకోవాలి. మన తల్లిదండ్రుల్లో ఎందరో బేతంచెర్ల, యర్రగుంట్ల వైపు నాపరాళ్ళ గనుల్లో, బేల్దారి పనుల్లో బతుకుతున్నారు. పైనుంచి పడినా, డిస్కు జారినా కర్నూలు, కడప పెద్దాసుపత్రులకు వస్తారు. అప్పుడు మంచం పక్కన ఉండే చదువుకున్న మనిషి మనమే.

గాలి ఎలా చేరుతుంది?

మెదడు, వెన్నుపాము ఒకే సంచిలో ఉంటాయి. దాని బయటి పొర వరాశిక అని జీవశాస్త్రంలో చదువుకున్నాము. లోపల నీళ్ళలా తేటగా ఉండే మస్తిష్క మేరుద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. ఆపరేషన్‌లో ఎముకకు అతుక్కున్న వరాశిక ఒక్కొక్కసారి చిరుగుతుంది. నీళ్ళ సీసాను తలకిందులు చేస్తే ఏమవుతుంది? నీళ్ళు గుడగుడమని కిందికి దిగుతుంటే గాలి బుడగలు పైకి పోతాయి. ఇక్కడా అంతే. నడుము దగ్గర ద్రవం కారితే గాలి లోపలికి పోయి పుర్రెలోకి ఎక్కుతుంది.

గాలి విషమా?

కాదు. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ నడుము దగ్గర సూదితో కావాలనే గాలిని ఎక్కించి, ఎక్స్‌రేలో మెదడు ఆకారాన్ని చూశాడు. రోగులకు విపరీతమైన తలనొప్పి, వాంతులు వచ్చేవి. అయినా 1971లో సి.టి. స్కాన్ వచ్చేవరకు ఆ పద్ధతి నడిచింది. కొద్దిపాటి గాలి కొన్ని రోజుల్లో రక్తంలో కలిసిపోతుంది. ప్రమాదమంతా గాలి ఎక్కువై మెదడును నొక్కినప్పుడు, చిరుగు గుండా క్రిములు చేరినప్పుడు.

ఏవి గమనించాలి?

1. లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గే తలనొప్పి, వాంతులు.
2. గాయం కట్టు నీళ్ళలాంటి ద్రవంతో తడవడం.
3. మత్తు, పొంతన లేని మాటలు, ఫిట్స్.
4. జ్వరం, మెడ బిగుసుకుపోవడం. ఇవి మెదడు పొరల వాపుకు గుర్తులు.

వీటిలో ఏది కనిపించినా "నీరసంలే" అని తలనొప్పి బిళ్ళ వేసి ఊరుకోరాదు. ఆసుపత్రిలో ఉంటే వెంటనే నర్సుకు చెప్పాలి. ఇంటికి వచ్చాక అయితే 108కి ఫోన్ చేసి ఆపరేషన్ అయిన సంగతి మొదటే చెప్పాలి.

వైద్యం ఏమిటి?

సి.టి. స్కాన్‌లో గాలి నల్లగా కనబడుతుంది. చాలామందికి వెల్లకిలా పడుకోబెట్టి విశ్రాంతి, సెలైన్, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే చాలు. ఆక్సిజన్ ఎందుకు? గాలిలో 78 శాతం నత్రజని. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే రక్తంలో నత్రజని తగ్గుతుంది. అప్పుడు తలలోని బుడగ నుండి నత్రజని త్వరగా రక్తంలోకి పోతుంది. మనం పాఠంలో చదివిన వ్యాపనం ఇదే! ద్రవం కారడం ఆగకపోతే చిరుగును కుట్టాలి. గాలి మెదడును గట్టిగా నొక్కుతుంటే పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీస్తారు.

రోగి ముక్కరాదు, ముక్కు గట్టిగా చీదరాదు. కడప జిల్లా నుండి కువైట్‌కు పోయేవారు ఎందరో ఉన్నారు. తలలో గాలి ఉన్నంతవరకు విమానం ఎక్కరాదు. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గి గాలి వ్యాకోచిస్తుంది. బాయిల్ నియమం పరీక్షకే కాదు, ప్రాణానికీ పనికివస్తుంది.

చివరగా ఒక మాట. ఈ భయంతో అవసరమైన ఆపరేషన్ మానుకోవద్దు. కాళ్ళు చచ్చుబడేవరకు ఆగితే నష్టం అంతకంటే పెద్దది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ నాలుగు గుర్తులు అమ్మానాన్నలకు చెప్పండి. తాయెత్తు కట్టేలోగా అంబులెన్స్ వస్తే మన చదువుకు అర్థం ఉన్నట్టే.