అప్‌లోడ్‌కి కళ్లెం

భద్రాచలంలో ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు రెండు భయాలు. ఒకటి గోదావరి, రెండోది నెట్టు. గోదావరి నయం. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని చెప్పి మరీ వస్తుంది. నెట్టుకి ఆ మర్యాద కూడా లేదు. మీటింగ్‌లో మన వంతు వచ్చి నోరు తెరిచేదాకా బాగానే ఉండి, అప్పుడు చెయ్యిస్తుంది.

పోయిన వానాకాలం ఒక సోమవారం నాకు సరిగ్గా అదే జరిగింది. స్క్రీన్ షేర్ చేసి లెక్కలు చెబుతుంటే అవతల మా లీడ్ "మీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది" అన్నారు. కెమెరా ఆపేశాను. అయినా అదే తంతు. మీటింగ్ పోయింది. కోపమంతా కేబుల్ అబ్బాయి మీద చూపించాను. పాపం, తుంపరలో తడుస్తూ బండి మీద వచ్చాడు. ఫైబర్ పెట్టెలో ఎర్ర లైటు లేదు, సిగ్నల్ బాగానే ఉంది. ముందు గదిలోకి తొంగి చూసి "ఆ ల్యాప్‌టాప్ ఎవరిది సార్?" అన్నాడు.

మా మేనల్లుడిది. పాలిటెక్నిక్ చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. ముందు రోజు రాత్రి ఉబుంటు లినక్స్‌ను టొరెంట్‌లో దించుకున్నాడు.

"డౌన్‌లోడ్ రాత్రే అయిపోయింది మామయ్యా. ఇప్పుడేం దిగట్లేదు" అన్నాడు వాడు.

కేబుల్ అబ్బాయి తెర మీద వేలు పెట్టి చూపించాడు. డౌన్‌లోడ్ దగ్గర సున్నా. అప్‌లోడ్ దగ్గర సెకనుకు 2.4 ఎంబీ. దిగట్లేదన్న మాట నిజమే. ఎక్కుతోంది!

మనలో చాలామందికి తెలియనిది ఇదే. 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ తయారు చేసినప్పుడు పెట్టిన నియమం చేబదులు లాంటిది. తీసుకున్నవాడు ఇవ్వాలి. ఫైలు మొత్తం మన దగ్గరికి వచ్చేశాక కూడా మన మెషీన్ ఊరూరా ఉన్న మిగతావాళ్లకు ముక్కలు పంచుతూనే ఉంటుంది. దాన్నే సీడింగ్ అంటారు. అందులో తప్పేమీ లేదు, అసలు టొరెంట్ బతికేదే దాని మీద. కానీ ఎంత పంచాలో మనం చెప్పకపోతే ఉన్నదంతా పంచేస్తుంది.

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ ఎందుకు కుంటుతుంది? అవతలి సర్వర్ మనకు రెండు మూడు పార్శిళ్లు పంపిందంటే, "ముట్టింది" అని మనం ఒక చిన్న చీటీ తిరిగి పంపాలి. ఆ చీటీ వెళ్లేది అప్‌లోడ్ దారిలోనే. శ్రీరామనవమి నాడు సారపాక వైపు నుంచి గోదావరి వంతెన ఎలా ఉంటుందో చూసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. చేతిలో ఒక్క కాగితం పట్టుకుని బండి మీద వెళ్లేవాడు కూడా బస్సుల వెనకాల ఆగాల్సిందే. చీటీ ఆలస్యమైతే అవతలివాడు పార్శిళ్లు పంపడం తగ్గిస్తాడు. మీటింగ్‌లో మన గొంతుదీ అదే గతి. గొంతుకి కావాల్సింది మహా అయితే 100 కేబీపీఎస్, అంతకుమించి అక్కర్లేదు. దానికి కావాల్సింది వెడల్పు కాదు, ఆలస్యం లేని దారి.

ఆ వరస ఎంత పొడుగో లెక్క వేసి చూడండి. రూటర్‌లోనో ఫైబర్ పెట్టెలోనో 1 ఎంబీ డేటా వరసలో నిలబడిందనుకుందాం. బిట్లలో 8 మెగాబిట్లు. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే వరస కదలడానికి 0.4 సెకను. అదే ఫోన్ హాట్‌స్పాట్ మీద అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ అయితే 4 సెకన్లు. మనం "హలో" అంటే నాలుగు సెకన్ల తర్వాత హైదరాబాద్‌లోని ఆఫీసుకి చేరుతుంది. ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది జిమ్ గెటిస్ అనే ఇంజనీరు. 2010లో ఆయన కూడా ఇంట్లో పని చేసుకుంటూ తన సొంత నెట్టు మీదే దీన్ని పట్టుకున్నాడు.

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసే ముందు రెండు నిమిషాలు పింగ్, అంటే కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం, చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్, ఖాళీ, అడ్డగీత, టి, ఖాళీ, 8.8.8.8 అని కొట్టాలి. ఆ అడ్డగీత-టి లేకపోతే విండోస్ నాలుగు సార్లు కొట్టి ఊరుకుంటుంది. మ్యాక్‌లో, లినక్స్‌లో అది అక్కర్లేదు. కంట్రోల్-సి నొక్కేదాకా నడుస్తూనే ఉంటుంది. ముందు మీ రూటర్ అడ్రసుకి కొట్టండి, చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది. అక్కడే మిల్లీసెకన్లు వందల్లో పలికితే జబ్బు వైఫైది. గోడ అవతల కూర్చున్నారేమో చూసుకోండి, కుదిరితే లాన్ కేబుల్ పెట్టుకోండి. రూటర్ దగ్గర 2, 3 మిల్లీసెకన్లు ఉండి బయటికి 400 పలికితే ఎవరో వరస నింపుతున్నారు. ఇంట్లోవాళ్ల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఒక్కొక్కటే ఆపుతూ చూడండి. అన్నీ ఆపినా తగ్గకపోతే అప్పుడు ఫోన్ చేయండి. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు వెలిగితే మాత్రం ఇవేవీ అక్కర్లేదు. పెట్టెకి సిగ్నల్ అందట్లేదు, నేరుగా ఫోన్ చేయడమే.

ఇక సెట్టింగులు. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ క్లయింట్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఒకే రకంగా ఉంటుంది కాబట్టి దాని మీదే చెబుతాను. ముందు టొరెంట్ ఆపి స్పీడ్ టెస్ట్ చేసి అప్‌లోడ్ అంకె రాసుకోండి. మాది 20 ఎంబీపీఎస్. టొరెంట్ క్లయింట్ బైట్లలో అడుగుతుంది కాబట్టి ఎనిమిదితో భాగించాలి. 20 ఎంబీపీఎస్ అంటే సెకనుకు సుమారు 2,500 కేబీ. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. 20 ఎంబీపీఎస్ అంటే 20 ఎంబీ అనుకుని 15,000 అని వేస్తారు, అంటే కళ్లెం లేనట్టే. ఆప్షన్స్‌లో స్పీడ్ పేజీకి వెళ్లి అప్‌లోడ్‌కి 70 శాతం, అంటే 1,750 వేయండి. సున్నా మాత్రం వేయొద్దు. క్యూబిట్‌టొరెంట్‌లో సున్నా అంటే "అసలు వద్దు" కాదు, "హద్దే లేదు" అని అర్థం. ట్రాన్స్‌మిషన్ అనే ఇంకో క్లయింట్‌లోనైతే అంకె పక్కన టిక్కు ఉంటుంది. టిక్కు పెట్టకపోతే అంకె ఉత్త అలంకారమే.

అదే పేజీలో ఆల్టర్నేటివ్ రేట్ లిమిట్స్ అని రెండో జత ఉంటుంది, దానికి టైము కూడా పెట్టుకోవచ్చు. ఉద్యోగం చేసేవాళ్లకు అసలు సరుకు అదే. షిఫ్టు గంటలు అందులో వేసి, అప్‌లోడ్‌కి నాలుగో వంతు, మా లెక్కలో సుమారు 600, ఇవ్వండి. ట్రాన్స్‌మిషన్‌లో దీనికి తాబేలు బొమ్మ గుర్తు. దాన్ని ఒక్కసారి నొక్కితే నెమ్మదిస్తుంది.

అప్‌లోడ్ మరీ పిండేసినా లాభం లేదు. ఇవ్వనివాడికి ఎదుటివాళ్లూ ఇవ్వరు, డౌన్‌లోడ్ కూడా నీరసిస్తుంది. కనెక్షన్ల సంఖ్య మాత్రం ధైర్యంగా తగ్గించవచ్చు. క్యూబిట్‌టొరెంట్ మొత్తం 500, ఒక్కో టొరెంట్‌కి 100 అని మొదలవుతుంది. కనెక్షన్‌తో పాటు ఉచితంగా వచ్చే పాత రూటర్‌కి అది మోయలేని బరువు. మొత్తం 150, ఒక్కోదానికి 40 చాలు. కనెక్షన్ పేజీలో పీర్ ప్రోటోకాల్ దగ్గర యూటీపీ ఒక్కటే ఎంచుకుంటే ఇంకా మంచిది. ఆలస్యం 100 మిల్లీసెకన్లు పెరిగే సూచన కనబడగానే తానే వెనక్కి తగ్గేలా తయారైన పద్ధతి అది. పెళ్లి పంక్తిలో పెద్దవాళ్లను చూసి లేచి చోటిచ్చే కుర్రాడి లాంటిది. మామూలు పద్ధతి అయిన టీసీపీకి ఆ మొహమాటం తక్కువ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ హద్దు ఒక్కో మెషీన్‌కి వేరు. ఇంట్లో మూడు ల్యాప్‌టాప్‌లు, మూడింట్లోనూ 70 శాతం పెడితే మొత్తం 210 శాతం. అలాంటి ఇళ్లలో కళ్లెం వేయాల్సింది రూటర్‌కే. కంపెనీ ఇచ్చిన పెట్టెలో ఆ సదుపాయం చాలాసార్లు ఉండదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కే రూటర్ ఒకటి కొని, అందులో వరసను అదుపు చేసే ఎస్‌క్యూఎం ఆన్ చేసి, కొలిచిన వేగానికి కాస్త తక్కువ అంకె ఇస్తే వరస పెరగనివ్వదు. టొరెంట్ నడుస్తున్నా మీటింగ్ నడుస్తుంది.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మేలని అడుగుతారు. ఇరుకు రూటర్ దగ్గర ఉంది కాబట్టి మూడూ ఒకటే, తేడా అలవాట్లలోనే. విండోస్‌లో కిటికీ మూసేస్తే క్యూబిట్‌టొరెంట్ ఆగదు, గడియారం పక్కన ట్రేలోకి దూరి పని చేసుకుంటూనే ఉంటుంది. కుడి నొక్కు నొక్కి ఎగ్జిట్ ఇవ్వాలి. మ్యాక్‌లోనూ ఎర్ర చుక్క నొక్కితే పోయేది కిటికీ ఒక్కటే. కమాండ్-క్యూ కొట్టాలి. పైగా విండోస్ తన అప్‌డేట్లను కూడా టొరెంట్ తరహాలోనే పంచగలదు. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ డెలివరీ ఆప్టిమైజేషన్ తెరిచి, ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకు పంచే ఎంపిక ఉంటే తీసేయండి. టొరెంటే లేని ఇంట్లో అప్‌లోడ్ నిండుతుంటే ఇదో, ఫొటోలు ఎక్కించే క్లౌడ్ సర్వీసో కారణం కావచ్చు.

"విండోస్ మీ నెట్టులో 20 శాతం దాచుకుంటుంది, ఇలా చేసి విడిపించుకోండి" అనే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. నమ్మకండి. ఏదైనా ప్రోగ్రాం అడిగినప్పుడే ఆ వాటా పక్కన పెడుతుంది, అడగనప్పుడు మొత్తం మనదే. ఇలాంటిదే ఇంకోటి. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 రోజుల్లో సగం తెరిచిన కనెక్షన్లు పదికి మించొద్దని హద్దు ఉండేది. దాన్ని పగలగొట్టడానికి సిస్టమ్ ఫైల్ మార్చేవాళ్లం. ఆ హద్దు పోయి చాలా ఏళ్లయింది, చిట్కాలు మాత్రం చావలేదు.

మ్యాక్‌లో ఒక మంచి పనిముట్టు ఉంది. మాంటెరీ వెర్షన్, అంటే 2021 నుంచి, టెర్మినల్‌లో నెట్‌వర్క్‌క్వాలిటీ అని ఖాళీ లేకుండా, క్యూ ఒక్కటే పెద్దక్షరంగా కొడితే, వేగంతో పాటు భారం మీద నెట్టు ఎంత చురుగ్గా పలుకుతోందో కూడా చెబుతుంది. మనకు కావాల్సింది ఆ రెండో అంకే. లినక్స్ వాళ్లు మా సిస్టమ్‌లో వరసను అదుపు చేసే ఎఫ్‌క్యూ-కోడెల్ ముందే ఉందని ధీమాగా ఉంటారు. ఉంది, కానీ అది చక్కదిద్దేది ఆ మెషీన్‌లోని వరసను. వరస పేరుకునేది ఫైబర్ పెట్టె దగ్గరైతే అదేం చేస్తుంది?

ఫైబర్ తెగిన రోజు సంగతి వేరు. చర్ల, దుమ్ముగూడెం వైపు ఈదురుగాలికి చెట్టు కొమ్మ విరిగితే చాలు, వైరు పోతుంది. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అలాంటప్పుడు మిగిలేది ఫోన్ హాట్‌స్పాట్. విండోస్‌లో మీటర్డ్ కనెక్షన్ అని పెట్టినా టొరెంట్ క్లయింట్లు దాన్ని సాధారణంగా లెక్క చేయవు. రోజుకి 2 జీబీ ప్యాక్ మీటింగ్ మొదలవకముందే హరీమంటుంది. దీనికి నేను చేసే ఉపాయం ఇది. క్యూబిట్‌టొరెంట్ అడ్వాన్స్‌డ్ పేజీలో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ దగ్గర ఇంటి వైఫైని ఎంచి పెట్టాను. హాట్‌స్పాట్‌ను మాత్రం యూఎస్‌బీ తీగతో ఫోన్ నుంచి తీసుకుంటాను. దారి మారింది కాబట్టి టొరెంట్ దానంతటదే ఆగిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌ను వైఫై ద్వారా తీసుకుంటే ఈ ఉపాయం పారదు.

డేటా లెక్క కూడా చూసుకోండి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ రోజంతా ఎక్కితే 216 జీబీ. పదిహేను రోజులకు 3,240. మన దగ్గర చాలా ఇంటి ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాటితే వేగం కోసేస్తారు. మీ ప్లాన్‌లో ఎక్కిందీ దిగిందీ కలిపి లెక్కిస్తారేమో అడిగి తెలుసుకోండి. సీడింగ్‌ను రేషియో 1 దగ్గర ఆగేలా పెడితే, తీసుకున్నంత ఇచ్చేసినట్టు. బాకీ తీరిపోతుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో టొరెంట్ క్లయింట్ ఎక్కించొద్దు, ఉబుంటు కోసమైనా సరే. వీపీఎన్ ఆన్‌లో ఉండగా అది నడిస్తే మీ టొరెంట్ కంపెనీ నెట్‌వర్క్ మీదుగా పోవచ్చు. మరుసటి రోజు ఐటీ వాళ్లు కాదు, హెచ్‌ఆర్ వాళ్లు పిలుస్తారు. కొత్త సినిమాల సంగతి కూడా చెప్పాలి. దించుకోవడంతోనే టొరెంట్ వాటిని ఇతరులకు పంచుతుంది కూడా. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. సక్రమంగా దించుకోదగ్గవి చాలానే ఉన్నాయి. లినక్స్‌లు, లిబ్రేఆఫీస్, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాలు. కివిక్స్ వాళ్ల ఆఫ్‌లైన్ వికీపీడియా ఉంది. ఖమ్మంలో మంచి నెట్టు ఉన్నప్పుడు దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే, సిగ్నల్ అందని గూడెం బడిలో కూడా తెరుచుకుంటుంది.

మా మేనల్లుడి ల్యాప్‌టాప్ ఇంకా ముందు గదిలోనే ఉంది. పగలు 600, రాత్రి 1,750. వాడు ఉబుంటుని ఇంకా పంచుతూనే ఉన్నాడు. కేబుల్ అబ్బాయికి ఆ రోజు టీ కూడా ఇవ్వలేదు. మొన్న కనబడితే పిలిచి ఇచ్చాను.