రాష్ట్ర ప్రభుత్వమునకు న్యాయ సలహాదారు

హైకోర్టులో ప్రభుత్వ పక్షమున వాదించు అడ్వకేట్ జనరలును మనము కేవలము ప్రభుత్వ వకీలుగా తలంతుము. కాని ఆ పదవి రాజ్యాంగము సృష్టించినది.

165వ అధికరణము ననుసరించి గవర్నరు ఆయనను నియమించును. హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత ఆయనకు ఉండవలెను. ప్రభుత్వమునకు న్యాయ విషయములలో సలహా ఇచ్చుట ఆయన ప్రథమ విధి. 177వ అధికరణము వలన ఆయన శాసనసభలో ప్రసంగింపవచ్చును. వోటు మాత్రము లేదు.

1971 నాటి కోర్టు ధిక్కార చట్టము మరియొక బాధ్యతను ఒప్పగించినది. క్రిమినల్ ధిక్కారమును గూర్చి సామాన్య పౌరుడు హైకోర్టు నాశ్రయింపవలెనన్న ఆయన వ్రాతపూర్వక అనుమతి కావలెను. ఆరోపణ ఒక మంత్రిపైననే కావచ్చును. అప్పుడాయన ప్రభుత్వ వకీలుగా గాక, న్యాయస్థాన గౌరవమునకు కావలిగా నిర్ణయింపవలెను.

అయినను ఆయనకు నిర్ణీత పదవీకాలము లేదు. గవర్నరు అభీష్టము మేరకే, అనగా ఆచరణలో మంత్రివర్గము ఇష్టము మేరకే, కొనసాగును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఉదాహరణకు, మన కళాశాల వంటి అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు 30వ అధికరణము ఒసగిన హక్కునకు భంగము కలిగించు ఉత్తరువు నొకదానిని ప్రభుత్వము తలపెట్టినదనుకొందము. ఫైలు ఆయన బల్లపైకి వచ్చును. "ఇది చెల్లదు" అని ఆయన నాడే వ్రాసినచో మనము కోర్టు మెట్లెక్కు పని యుండదు. మౌనము వహించినచో ఏండ్ల తరబడి వ్యాజ్యమే గతి.

కావున న్యాయశాస్త్రము నభ్యసింపగోరు విద్యార్థులు అధికరణములతోపాటు నిర్భయత్వమును గూడ అలవరచుకొందురుగాక యని మా ఆకాంక్ష.