కనబడకుండుట, అందకుండుట

బిడ్డల మార్కులు, హాజరు, చెల్లించవలసిన రుసుము మొదలగువానిని వెబ్‌పేజీలలో చూపు పాఠశాలలు నేడు అనేకములు కలవు. ఒకే చిరునామా తెరచిన ఇద్దరికి ఒకే పుట కనబడదు. బయటివారికి పాఠశాల చరిత్రయు, ప్రవేశముల ప్రకటనయు, 'లాగిన్' అను మీటయు మాత్రమే కనబడును. పాస్‌వర్డు ఇచ్చి లోనికి వచ్చిన తండ్రికి ఆ మీట మాయమై, దానిచోట తన పేరును, బిడ్డ మార్కుల పట్టికయు వచ్చును.

ఇది ఎట్లు జరుగుచున్నదో తల్లిదండ్రులు కొంతయైనను ఎరుగవలెను. మన ఇండ్ల పెద్దలలో తెలుగు మాత్రమే చదువగలవారు కలరు. పుట ఆంగ్లములోనో రాష్ట్రభాషలోనో ఉండును గనుక వారు పాస్‌వర్డును బిడ్డ చేతికే ఇచ్చి, "ఏమున్నదో చదివి చెప్పు నాయనా" అందురు. తప్పని పనియే; అయినను ఆ బిడ్డకు తెలిసినంతయైనను మనకును తెలియవలదా?

పుటను పంపు యంత్రము సర్వరు. దానిని మన ఫోనులో తెరచి చూపునది బ్రౌజరు. ఈ రెంటి నడుమ సంభాషణ నడుపు హెచ్.టి.టి.పి. అను పద్ధతికి స్వతహాగా జ్ఞాపకము లేదు. ఇప్పుడే పుట నడిగినవాడు మరుక్షణమున మరియొకటి అడిగినను దానికి క్రొత్తవాడే. ఈ కొరత తీర్చుటకు 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మోంటుల్లి 'కుకీ' అను ఉపాయమును కనిపెట్టెను. పాస్‌వర్డు సరిపోగానే సర్వరు రహస్యపు గుర్తు గల చిన్న చీటీని బ్రౌజరునకు ఇచ్చును. అటుపై ప్రతి పుటను అడుగునపుడును బ్రౌజరు ఆ చీటీని జతపరచి పంపును. గుడి వెలుపల చెప్పులు అప్పగించి బిళ్ల పుచ్చుకొనుట వంటిదే ఇది. బిళ్ల ఎవరి చేత నున్నదో చూతురు గాని, వారి ముఖము చూడరు.

ఇక మార్కుల పట్టికను దాచుటకు రెండు మార్గములు కలవు. వర్డ్‌ప్రెస్ అను ప్రసిద్ధ సాధనములో 'ఈజ్ యూజర్ లాగ్డ్ ఇన్' అను ప్రశ్న కలదు. పుటను తయారుచేయునపుడే సర్వరు ఈ ప్రశ్న వేసికొని, 'కాదు' అని తేలినచో పట్టికను వ్రాయనే వ్రాయదు. రెండవ మార్గమున పట్టిక అందరికిని పంపబడును. దానిని చూపవలదని సి.ఎస్.ఎస్. అను అలంకార సూత్రముతో బ్రౌజరునకు చెప్పుదురు. కంటికి రెండును ఒక్కటే. కాని కంప్యూటరు బ్రౌజరులో పుట మూలమును తెరచినచో రెండవదానిలో మార్కులన్నియు అక్షరాలా ఉండును. మొదటిది జాబితాను ప్రధానోపాధ్యాయుని బీరువాలో నుంచుట. రెండవది నోటీసుబోర్డునకు అంటించి పైన గుడ్డ కప్పుట. లోనికి వచ్చినవారికి 'లాగిన్' మీటను కనబడనీయకుండుటకు గుడ్డ చాలును, అందులో రహస్యము లేదు. మార్కులకు, ఫోను నంబర్లకు చాలదు.

బీరువా ఉన్నను మరియొక ప్రశ్న మిగులును: లోనికి వచ్చినవాడు ఏ బిడ్డ తండ్రి? చిరునామా చివర బిడ్డ సంఖ్యను మార్చగానే పొరుగు బిడ్డ పట్టిక తెరచుకొన్నచో, సర్వరు మొదటి ప్రశ్న వేసి రెండవది మరచినదన్నమాట. ఇట్టి అనుమతి లోపములను, వెబ్ భద్రతకై కృషి చేయు ఓవాస్ప్ సంస్థ 2017 జాబితాలో అయిదవ ప్రమాదముగా చూపెను. 2021లో మొదటి స్థానమునకు తెచ్చెను. పరీక్షించు నెపమున ఇతరుల సంఖ్యలు వేసి చూడరాదు. మీ బిడ్డ పుట చిరునామానే, లాగిన్ చేయని వేరొక ఫోనులో తెరువుడు. పట్టిక వచ్చినచో పాఠశాలకు వ్రాతపూర్వకముగా తెలుపుడు. రానంతమాత్రమున నిశ్చింత పడరాదు, గుడ్డ క్రింద నుండవచ్చును. కావున పట్టికను సర్వరే ఆపుచున్నదా అని పుట నిర్మించినవారిని అడుగుడు.

ఇంటర్నెట్ కేంద్రములోగాని, ఇరుగుపొరుగువారి ఫోనులోగాని చూచినపుడు 'నన్ను గుర్తుంచుకొనుము' అను గడిని ముట్టవలదు. వర్డ్‌ప్రెస్‌లో ఏ మార్పును చేయనిచో ఆ చీటీ 14 దినములు చెల్లును. పని ముగియగానే 'లాగవుట్' నొక్కుడు. పిమ్మట వెనుకకు పోవు మీట నొక్కిన, పాత పుట మరల కనబడి కలవరపెట్టవచ్చును. అది బ్రౌజరు దాచుకొనిన నకలు కావచ్చును. పుటను మరల తెప్పించి చూడుడు. లాగిన్ అడిగినచో చీటీ చెల్లకపోయినట్లే. ఆ నకలు కూడ పోవుటకు బ్రౌజరును పూర్తిగా మూసి లేవుడు.